మైపాడుకి బయల్దేరే ముందు: చిన్న పిలకాయలకి వాటర్ షూస్ ఎట్టా ఎంచుకోవాలి

ఎండాకాలం సెలవులొస్తే నెల్లూరోళ్ళు మైపాడుకి, కోడూరుకి, ఒంగోలోళ్ళు కొత్తపట్నానికి, సింగరాయకొండ కందుకూరు వైపోళ్ళు పాకలకి, రామాయపట్నానికి పోవడం మామూలే. పులిహోర డబ్బా, చాప, మార్చుకునే బట్టలు, తువ్వాళ్ళు అన్నీ సర్దుకుంటారు గానీ బిడ్డ కాళ్ళకి ఏమేసి తీసుకెళ్ళాలి అనేది మాత్రం కారెక్కాకే గుర్తొస్తది. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులే వేసి పట్టుకుపోతారు, అవి మొదటి అలకే ఊడిపోతాయి, బిడ్డేమో ఆ చెప్పు కోసం నీళ్ళలోకి పరిగెత్తుతాడు. చెప్పు పోతే పోయింది, ఆ పరుగు చూస్తేనే గుండె ఆగిపోద్ది.

ఇప్పుడు నీళ్ళలో వేసుకునేవి, వేళ్ళు మూసుకుని ఉండేవి ఆన్‌లైన్లో వాటర్ షూస్, ఆక్వా షూస్, బీచ్ షూస్ అని రకరకాల పేర్లతో కుప్పలు కుప్పలుగా ఉన్నాయి, అన్నీ బొమ్మలో బాగానే ఉంటాయి. కొనేముందు ఏం చూడాలో చెప్తా.

ముందు ఒక మాట, ఇవి అందరికీ అవసరం లేదు. నడక రాని పసిబిడ్డకి కొనడం డబ్బు దండగ, వాళ్ళు ఎట్టాగూ మన చంకలోనే ఉంటారు, ఫొటో కోసం కొంటామంటే అది మీ ఇష్టం. నడక వచ్చిన బిడ్డనైనా సరే, అల తగిలి గట్టిపడిన తడి ఇసక మీద, కింద గుచ్చుకునేవి ఏమీ లేవని మీరు చూసుకున్నాక, ఉత్తకాళ్ళతోనే ఆడుకోనీండి. వేళ్ళు ఇసకలో దించి పట్టు కోసం వెతుక్కుంటారు చూడండి, పాదానికి అంతకంటే మంచి కసరత్తు లేదు. షూస్ కావాల్సింది కారు దిగిన కాడి నించి ఆ తడి ఇసక దాకా, ఇంకా రాళ్ళు, గుల్లలు, పాచి ఉండే చోట.

సరే, ఏ నీళ్ళకి పోతున్నారు అనేది ముందు తేల్చుకోండి, ఎందుకంటే ఇది అన్నిటికీ పనికొస్తది మేడం అని అంగడోళ్ళు చెప్తారు గానీ అట్టాంటిది నాకైతే ఇంతవరకూ కనపడలా. మన ఒడ్డు దాదాపు అంతా ఇసకే, రాళ్ళు తక్కువ. మైపాడైనా కొత్తపట్నమైనా బిడ్డ కాలికి ఇబ్బంది ఏందంటే, మొదటిది కాలిపొయ్యే ఇసక, రోహిణి కార్తెలో పొద్దున పదకొండుకే పెద్దోళ్ళం గెంతులేస్తాం. తర్వాత విరిగిన గుల్లల అంచులు, సీసా పెంకులు, తెగిన వల ముక్కలు, వాటిల్లో చిక్కుకున్న గాలాలు. ఒడ్డు పైన సరుగుడు తోపుల్లో నీడ ఉంటది కాబట్టి అందరం అక్కడే చాప వేస్తాం, అక్కడ రాలిన సరుగుడు కాయలు, దారి పక్కన పల్లేరు కాయలు. సరుగుడు కాయ చూడ్డానికి ఇంతే ఉంటది, రెండేళ్ళ బిడ్డ మడమ కింద పడిందంటే తోపంతా వినపడేట్టు ఏడుస్తది. వీటన్నిటికీ అడుగు మరీ దళసరిగా లేకపోయినా పర్లేదు గానీ గట్టిగా ఉండాలి, పైన గుడ్డ కాలిని పట్టుకుని ఇసక దూరనీకుండా ఉండాలి.

పెంచలకోన, భైరవకోన పొయ్యేవాళ్ళ సంగతి వేరే. అక్కడ జలపాతం కింద బండలకి పాచి పట్టి ఉంటది, నీళ్ళు తేటగా మోకాలి లోతే కనపడతాయి, బిడ్డ ఉత్సాహంగా కాలు పెడతాడు, సర్రున జారతాడు. జారినప్పుడు ముందు రాయికి కొట్టుకునేది బొటనవేలు. కాబట్టి కొండ నీళ్ళకి పొయ్యేవాళ్ళు వేళ్ళ ముందు దళసరి రబ్బరు తొడుగు ఉన్నవి, మెత్తటి రబ్బరు సోల్‌కి గాళ్ళు బాగా ఉన్నవి తీసుకోండి, సాక్సు మాదిరి ఉండే పల్చటివి అక్కడ పనికిరావు. అయినా గానీ పాచి పట్టిన తడి బండ మీద పూర్తిగా ఆగే సోల్ అంటూ ఉండదు, ఎన్ని డబ్బులు పెట్టినా సరే, బిడ్డ చెయ్యి మీ చేతిలో ఉండాల్సిందే. ఇంకోటి, రెండు చోట్లా గుడి ఉంది కాబట్టి విప్పడం తొడగడం నాలుగైదుసార్లు అవుద్ది, తాళ్ళు కట్టేవి అయితే మీ నడుం పడిపోద్ది.

స్విమ్మింగ్ పూల్‌కి అయితే పల్చటి సాక్సు రకం చాలు, కొన్ని పూల్స్‌లో బయట వేసుకున్నవి లోపలికి రానివ్వరు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. పెన్నలోకి, సోమశిల కండలేరు డ్యాముల నీళ్ళలోకి దించడానికి ఏ షూస్ కొనాలి అని అడగద్దు. పెన్నలో ఇసక తవ్విన గుంతలుంటాయి, చీలమండ లోతు అనుకున్న చోట ఇంకో అడుగేస్తే మనిషి లోతు, అక్కడ పిలకాయల్ని దించనే దించద్దు.

ఇంక షూ చేతిలోకి తీసుకున్నాక చూడాల్సింది. పిలకాయలు సొరచేప బొమ్మ ఉందా, మెరుస్తందా అని చూస్తారు, చూడనీండి, మీరు మాత్రం తిరగేసి అడుగు చూడండి. రెండు చేతులతో ముందుకి వంచండి. వేళ్ళ మొదలు దగ్గర, మన పాదం ఎక్కడ వంగుద్దో సరిగ్గా అక్కడ వంగాలి. నడిమధ్యలో మడతపడిపోయిందంటే అది సత్తా లేనిది, అసలు వంగకుండా మొండికేస్తే బిడ్డ నడవలేడు. తర్వాత షూ లోపల ఒక వేలు పెట్టి, బయట నించి పెన్ను మూత మొనతో గట్టిగా నొక్కండి. లోపల వేలికి ఒత్తిడి తెలిస్తే పర్లేదు, మొన గుచ్చుకున్నట్టే తెలిసిందంటే రేపు గుల్ల కూడా అట్టాగే తెలుస్తది. నున్నగా మెరిసే ప్లాస్టిక్ అడుగు వద్దు, తడి టైల్ మీద అంతకంటే జారేది ఇంకోటి లేదు. గాళ్ళు ఒకే వైపు కాకుండా అడ్డంగా నిలువుగా రెండు రకాలుగా ఉంటే పట్టు బాగుంటది. సోల్ అంచు పక్కలకి కొంచెం పైకి ఎక్కి ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే గుల్లలు ఎప్పుడూ కిందనించే రావు, పిలకాయలు కాలు ఇసకలో గుచ్చి తిప్పుతా ఉంటారు గదా, పక్కన కోసుకుంటాయి.

సైజు దగ్గరే ఎక్కువ మంది దెబ్బ తినేది. డబ్బా మీద 2–3 ఏళ్ళు అని రాసి ఉంటది, మన బిడ్డకి రెండున్నర కాబట్టి సరిపోద్ది అనుకుంటాం. ఒకే వయసు పిలకాయల్ని ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి చూడండి, పాదాలకి పొంతన ఉండదు. వయసు పక్కన పెట్టి సెంటీమీటర్లలో కొనండి. కొలవడం ఎట్టాగంటే, సాయంత్రం పూట కొలవండి, రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటది. ఒక తెల్ల కాగితం గోడకి ఆనించి నేల మీద పెట్టి, బిడ్డని దాని మీద నిలబెట్టి మడమ గోడకి తగిలించాలి. కూర్చోబెట్టి కొలిస్తే తక్కువ వస్తది, బరువు పడితేనే పాదం సాగుద్ది. వేళ్ళు ముడుచుకోకుండా ఒకళ్ళు మెల్లగా పట్టుకుంటే ఇంకొకళ్ళు పెన్సిల్ నిలువుగా పెట్టి అన్నిటికంటే పొడుగు వేలు దగ్గర గీత గియ్యాలి. కొంతమందికి బొటనవేలు కంటే రెండో వేలు పొడుగు, అది చూసుకోండి. రెండు కాళ్ళూ కొలిచి పెద్దదాని లెక్కే తీసుకోవాలి.

ఆ కొలతకి అర సెంటీమీటరు, మహా అయితే ముప్పావు కలపండి, అంతే. స్కూలు బూట్లకి లాగా వచ్చే ఏడాదికి కూడా వస్తాయిలే అని పెద్దవి కొనడం మనకి అలవాటు, నీళ్ళలో అది కుదరదు. వదులు షూలో నీళ్ళు నిండి బరువెక్కుద్ది, మడమ పైకీ కిందకీ ఆడి బొబ్బ లేస్తది, అల వెనక్కి లాగేటప్పుడు షూ కూడా దాంతోనే పోద్ది. యూరప్ నంబర్లు ఉంటే లెక్క తేలిక, నంబరుని రెండుతో గుణించి మూడుతో భాగిస్తే లోపలి పొడవు సెంటీమీటర్లలో దాదాపు వచ్చేస్తది. అంటే 24 నంబరుకి 16 సెంటీమీటర్లు, పదిహేనుంపావు పదిహేనున్నర పాదానికి సరిపోద్ది. మన అంగళ్ళలో చిన్నపిల్లల 7 నంబరంటే సుమారు ఇదే. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటది కాబట్టి వాళ్ళ సైజు పట్టీలో సెంటీమీటర్ల గడి కూడా చూడండి, ఆ గడి లేకుండా వట్టి వయసులే ఇచ్చినోళ్ళ దగ్గర నేనైతే కొనను.

ఎప్పుడు కొనాలి అనేది కూడా ఉంది. మూడేళ్ళ లోపు పిలకాయల పాదం నెలకి ఒకటిన్నర మిల్లీమీటరు దాకా పెరుగుద్ది, ఆ తర్వాత కొంచెం నిదానిస్తది. ఆఫర్ ఉందని సంక్రాంతికి కొన్నారనుకోండి, మే నెల్లో సెలవులకి తీసి తొడిగేసరికి అర సెంటీమీటరు పైనే పెరిగి ఉంటది, మీరు కలిపిన జాగా అక్కడికే అయిపోయింది. పొయ్యేదానికి వారం పది రోజుల ముందు కొనుక్కుంటే మార్చుకోడానికీ టైముంటది.

పైభాగం గురించి. నోరు బాగా వెడల్పుగా తెరుచుకోవాలి, చిన్న పిలకాయలు షూ తొడిగేటప్పుడు వేళ్ళు ముడుస్తారు, ఇరుకు నోరుంటే మనం తొయ్యడం వాళ్ళు ఏడవడం. మడమ వెనక పట్టుకుని లాగడానికి ఒక చెవి ఉంటే ప్రాణం హాయి. పాదం పైన వెల్‌క్రో పట్టీ ఉన్నవే నా ఓటు, సాగే తాడు, దానికి బిగించే బొత్తాం ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి గానీ ఆ తాడు కొస వేలాడి ఎక్కడో ఒక చోట తట్టుకుంటది. వెల్‌క్రోలో ఇసక ఇరుక్కుని అంటుకోవడం మానేస్తది, అప్పుడు పాత టూత్ బ్రష్‌తో గీకితే మళ్ళీ పట్టుకుంటది. తొడిగాక మడమ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని కిందకి లాగండి, సులువుగా ఊడొచ్చేస్తే అది మీ బిడ్డకి కాదు.

ఈ మధ్య అందరూ క్రాక్స్ రకం చెప్పులే వేసి తీసుకొస్తన్నారు. కారు నించి ఒడ్డు దాకా అయితే బ్రహ్మాండం, నీళ్ళలోకి మాత్రం వద్దు, అవి తేలతాయి, కాలి నించి జారి తేలుకుంటా పోతాయి. పైగా వాటి బెజ్జాల్లో గుచ్చే చిన్న చిన్న బొమ్మలు పీకి నోట్లో పెట్టుకునే వయసు వాళ్ళది.

నియోప్రీన్ (స్పాంజి మాదిరి రబ్బరు) అని రాసి ఉంటే గొప్ప అనుకుని ఎక్కువ పెట్టి కొంటారు. అది చల్లటి నీళ్ళలో కాలు వెచ్చగా ఉండటానికి వాడే సరుకు, మన మే నెల ఎండకి అందులో పాదం ఉడికిపోద్ది. మనకి లైక్రా అనే పల్చటి సాగే గుడ్డ గానీ, సన్న మెష్, అంటే జాలీ గుడ్డ గానీ ఉన్నవే సుఖం, తొందరగా ఆరతాయి కూడా. మెష్ మరీ పెద్ద కన్నులది అయితే మైపాడు సన్న ఇసక మొత్తం లోపలే ఉంటది. నీళ్ళు లోపలికి రావడం ఎట్టాగూ ఆగదు, వచ్చినవి బయటికి పొయ్యే దారి ఉందా అని చూడాలి, అడుగునో పక్కనో సన్న బెజ్జాలుండాలి. లోపల చెయ్యి పెట్టి తడమండి, కుట్టు ఉబ్బెత్తుగా ఉంటే తడి కాలికి అదే ఒరుసుకుంటది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తలనొప్పి వచ్చేంత రసాయనం వాసన కొడితే అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి.

రంగు నారింజ, నిమ్మపచ్చ, గులాబీ, కళ్ళు జిగేల్మనేవి ఏదైనా సరే. నీలం, బూడిద రంగువి మన మట్టి కలిసిన నీళ్ళలో ఊడిపడితే కనపడవు.

ఎక్కడ కొనాలి అంటే, నెల్లూరు ట్రంక్ రోడ్డులో, చిన్నబజారులో పిల్లల చెప్పుల అంగళ్ళలో వాటర్ షూస్ అని అడిగితే ఒక్కోసారి సాండిల్స్ తీసి చూపిస్తారు, "అన్నా, నీళ్ళలో వేసుకునేవి, వేళ్ళు మూసుకుని ఉండేవి" అని విడమరిచి చెప్పండి. చెన్నై పొయ్యే పని ఉంటే డెకాథ్లాన్‌లో ఆక్వాషూస్ అని పిల్లల సైజుల్లో ఉంటాయి, బిడ్డకి తొడిగి చూసుకునే వీలుంటది. ఆన్‌లైన్లో నాలుగొందల నించి వెయ్యి లోపల బోలెడు. వచ్చాక ముందు ఇంట్లో పొడిగానే తొడిగి, ట్యాగు తియ్యకుండా హాల్లో నడిపించి, మడమ లాగి, పెన్ను మూతతో నొక్కి చూడండి. అంతా సరే అనుకున్నాకే తడపండి, తడిపాక వెనక్కి తీసుకోరు.

తడి పరీక్ష బాత్రూంలోనే అయిపోద్ది. టబ్బులో చీలమండ మునిగేదాకా నీళ్ళు పోసి బిడ్డని షూస్‌తో నిలబెట్టండి, ఎగరనీండి, వాళ్ళకి అదే పండగ. బయటికి దించి పట్టుకుని నాలుగడుగులు తడి టైల్ మీద నడిపించండి. పచక్ పచక్ అని శబ్దం నాలుగైదు అడుగులకి తగ్గిపోతే నీళ్ళు బయటికి పోతన్నట్టు, హాలు దాకా వచ్చినా అట్టాగే ఉంటే బెజ్జాలు చాలవు. పావుగంట అయ్యాక విప్పి మడమ వెనక, చిటికెన వేలు పక్కన చూడండి, ఎర్రగా గీత పడిందంటే రేపు బీచ్‌లో అక్కడే బొబ్బ.

బీచ్‌లో కూడా అరగంటకి ఒకసారి విప్పి ఇసక దులిపి, కాలు కడిగి మళ్ళీ తొడగండి. ఒరిపిడి ఉన్న చోట కొంచెం వాజిలీన్ రాస్తే చాలు, అరికాలికి రాయద్దు, లోపల జారుద్ది. షూస్ ఉన్నాయి గదా అని మీరు సరుగుడు నీడలో కూర్చుని ఫోన్ చూసుకుంటా ఉండద్దు. మన తీరంలో అల వెనక్కి లాగుడు ఎక్కువ, చిన్నబిడ్డకి చీలమండ లోతు చాలు, మీ చెయ్యి అందే దూరంలోనే ఉండాలి. జెల్లీ చేప తాకేది షూ పైన పిక్కకి, కాబట్టి ఒడ్డున పారదర్శకంగా జిగురు ముద్దలు కొట్టుకొచ్చి ఉంటే ఆ రోజు నీళ్ళు వద్దు, ఇసక గూళ్ళు కట్టుకోమనండి.

కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం అంటే ఇంకో చిక్కు. మీరు బిడ్డకి షూస్ తొడగంగానే అత్తమ్మ "చెప్పులేసుకుని గంగమ్మలోకి దిగుతారంటమ్మా" అంటది. ఆమె మాట కాదనలేం, బిడ్డ కాలు కోసుకుంటే చూడలేం. నీళ్ళ అంచు దాకా షూస్‌తో నడిపించి, అక్కడ విప్పేసి, బిడ్డని ఎత్తుకుని నాలుగు నీళ్ళు నెత్తిన చల్లి వచ్చెయ్యండి, అందరికీ సరిపోద్ది. అసలు ఆ రోజుల్లో వానలు, వాయుగుండాలు, సముద్రం పోటు మీద ఉంటది, పసిబిడ్డని దించాల్సిన పని కూడా లేదు. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగేటప్పుడూ ఇదే, ఆ జనంలో చిన్నవాళ్ళు చంకలో ఉండటమే మేలు, అక్కడ గుల్లల కంటే పెద్దోళ్ళ కాళ్ళ తొక్కుడు ఎక్కువ.

ఎంత చూసుకున్నా ఎప్పుడో ఒకసారి తెగుద్ది. మంచినీళ్ళు ఎక్కువ పోసి సబ్బుతో కడిగి, లోపల గుల్ల ముక్క ఉందేమో చూసి, శుభ్రమైన గుడ్డ కట్టండి. గాలం గుచ్చుకుంటే మీరు లాగద్దు, అట్టాగే ఆస్పత్రికి. టీకాల కార్డు తీసి చూడండి, ధనుర్వాతానికి కూడా పనిచేసే డీపీటీ బూస్టర్ 16 నించి 24 నెలల మధ్య ఒకటి, 5–6 ఏళ్ళకి ఒకటి ఉంటది, అది వేయించకపోతే బీచ్ ప్రయాణానికి ముందే వేయించండి.

ఇంటికొచ్చాక ఉప్పునీళ్ళ షూస్‌ని కవర్లో మూటగట్టి డిక్కీలో మర్చిపోవడం మన ఇళ్ళల్లో సహజం. రెండ్రోజులకి ఆ కంపు కార్లోంచి పోదు. వచ్చిన రోజే మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి, లోపలి అట్ట ఊడొచ్చేది అయితే తీసి, పాత పేపర్లు కుక్కి నీడలో గాలికి పెట్టండి. మిట్టమధ్యాహ్నం డాబా మీద పెడితే జిగురు కరిగి సోల్ లేస్తది. వాసన పట్టేస్తే పూర్తిగా ఆరాక వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున దులిపెయ్యండి.

పెద్దోడివి చిన్నోడికి దాచిపెట్టడం మంచిదే, ఇవి ఏడాదికి నాలుగైదుసార్లే వేసుకునేవి కాబట్టి తొందరగా అరగవు. తొడిగే ముందు మాత్రం సోల్ అంచు గోటితో లాగి చూడండి, మడమ దగ్గర సాగే గుడ్డ పట్టు వదిలిందా చూడండి, గాళ్ళు అరిగి నున్నబడ్డాయా చూడండి. వీటిల్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నీళ్ళకి కాకుండా ఇంట్లో మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు వేసుకోనిచ్చి, చిన్నోడికి వాడి పాదం కొలిచి వేరే జత తీసుకోండి.